ఉప్పుకు చావని బూజు

ఎర్రప్ప ఇంటి అరుగు. విచారణకు వచ్చిన రీసెర్చి స్టేషన్ మేడం అంజలి, అర్జీ పెట్టిన రైతు తిప్పయ్య, ఆ అర్జీ రాయించిన ఎర్రప్ప కూర్చుని ఉన్నారు. వాకిట్లో ఎర్రప్ప భార్య కదిరమ్మ అంట్లు తోముతోంది.

“అందుకే రాసుకో మేడం. మొదటి దోషి ఆ జయచంద్ర. రెండో దోషి గూడా జయచంద్రే. మూడో దోషి కావాలంటే, వాణ్ణి జీపెక్కిచ్చి మా ఊరికి తోలిన మీ ఆఫీసు.”

“ఎర్రప్ప గారూ, అర్జీ పెట్టింది తిప్పయ్య గారు కదా. ఆయన చెబితే రాసుకుంటాను.”

“తిప్పయ్య చెప్పడు మేడం. వానికి మాటలు తక్కువ. అర్జీలో మాటలన్నీ నావి, సంతకం ఒకటే వానిది. అవునా కాదా తిప్పయ్యా?”

“అవున్నా.”

“సూస్తివా? అంతకంటే ఒక మాట ఎక్కువొస్తే వానికి జరమొస్తాది.”

“సరే, మీరే చెప్పండి. మొదటి నుంచి చెప్పండి.”

“మొదట్నుంచి అంటే నా బోరు కాడి చేను. మూడెకరాలు. మూడేండ్లు వరసగా శెనక్కాయ పెడితే మూడేండ్లూ వేరుపురుగు తినింది. పైన సూస్తే పచ్చగ ఉంటాది. పట్టుకోని పెరికితే కింద వేరుండదు. మా ఊరి లీడర్ల మాదిరి. అట్లుంటే పోయినేడు ఈ జయచంద్ర దిగె. పురుగు మీద మొలిచి పురుగును సంపే బూజంట. పచ్చ పొడి. బెల్లం నీళ్ళలో రెండు దినాలు నానబెట్టి సాళ్ళలో పోస్తే సాలంట. నేనంటి, సారూ, మా బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే కక్కొస్తాది, అంత ఉప్పు, దాంట్లో ఏస్తే మీ బూజు సస్తాది అంటి.”

“దానికి జయచంద్ర ఏమన్నాడు?”

“నవ్వె. ‘అందుకే నీ కాడికి వచ్చినా ఎర్రప్పా. ఇది ఉప్పుకు సావని రకం. నీ బోరంత ఉప్పు బోరు కోసం ఎన్ని ఊర్లు తిరిగినానో’ అనె. నా బతుకులో నన్ను ఒగరు మెచ్చుకునింది అదొక్కటే మేడం. అదీ ఉప్పుకు.”

“అర ఎకరాలో ప్రయోగం చేశారు. పురుగు చచ్చింది.”

“సచ్చె.”

“పంట బాగా వచ్చింది.”

“అర ఎకరాకు ఆరు మూటలు. పక్కన బూజు పోయని రెండెకరాలన్నరలో అన్నీ కలిపినా నాలుగు మూటలు కాలే.”

“తర్వాత బోర్డు పెట్టారు.”

“పెట్టిరి! నా ఫొటోతో. ‘ఉప్పును గెలిచిన రైతు’ అని. నేను నాలుగో తరగతి కాడ్నే బడికి దండం పెట్టినోణ్ణి. నా పేరు అంత పెద్ద అచ్చరాల్లో నాకే గుర్తు పట్టేకి కాలే.”

“ఉగాది దాటాక ఆ బోరు చేనును తిప్పయ్య గారికి ఇచ్చేశారు.”

“ఇచ్చేయలే, మార్చుకున్నా. నా బోరు చేను వానికి, రోడ్డు కాడి వాని ఎర్ర చేను నాకు.”

“ఎంతకి ఎంత?”

“అదెందుకు మేడం ఇప్పుడు? విచారణ బూజు మీద కదా.”

“మీరు తీసుకున్నది తక్కువే అని విన్నాను.”

“తక్కువే! నాదే నష్టం. పోనీలే, తమ్మునట్లాంటోడు, బోర్డుండే చేను వాడు దున్నుకోనీ అని మనసు పెద్దది చేసుకుంటి. ఏం తిప్పయ్యా?”

“అవున్నా.”

“తిప్పయ్య గారూ, మంచి ఎర్ర నేల వదులుకుని ఉప్పు బోరు చేను ఎందుకు తీసుకున్నారు? ఎర్రప్ప గారు కాదు, మీరు చెప్పండి.”

“బోర్డు సూసి, మేడం.”

“అంతే! మూడు మాటల్లో కేసు తేల్చినాడు సూడు. బోర్డు సూసి. ఆ బోర్డు రాసింది ఎవురు? జయచంద్ర. నాటింది ఎవురు? జయచంద్ర. నేను బోర్డు కింద నిలబడినా, అంతే. కటింగు గూడా చేపిచ్చుకోలే.”

“తిప్పయ్య గారు ఈ ఏడు అదే బూజు కొన్నారు, అదే బోరు నీళ్ళలో నానబెట్టారు, మూడెకరాలకూ పోశారు. ఒక్క పురుగు కూడా చావలేదు. అంతేనా?”

“పురుగు సావడమా? బలిసింది! నేను పెరికి సూసినా కదా. ఒక్కొక్కటి నా బొటనవేలంత. బెల్లం నీళ్ళు తాగి బలిసింది. మూడెకరాలకు మూడు మూటలు మేడం, అదీ పొల్లు. వాడు నాలుగు దినాలు అన్నం ముట్టలే. నేనే పోయి, లెయ్ తిప్పయ్యా, ఏడిస్తే రాదు, అర్జీ పెడదాం అని లేపుకొస్తి.”

“మీ చేను ఎలా ఉంది ఎర్రప్ప గారూ? ఆ ఎర్ర చేను?”

“ఏదో... ఆలస్యంగ విత్తినా, దేవుని దయ.”

“వస్తూ చూశాను. చాలా బాగుంది.”

“దిష్టి పెట్టాకు మేడం. నా సంగతి అట్లుంచి, జయచంద్ర సంగతి సూడు.”

“అతని సంగతే చెబుతున్నాను, వినండి. పోయిన వారం ఆ బోరు నీళ్ళు మా ల్యాబుకు తీసుకుపోయాం. పొట్లంలో బూజు బతికే ఉంది. కల్తీ లేదు. కానీ ఈ నీళ్ళలో రెండు రోజులు నానబెడితే నూటికి నాలుగు పాళ్ళు కూడా మిగల్లేదు. మేం ల్యాబులో పెట్టి చూసిన ఉప్పుకు ఇది రెండింతలు ఉప్పు. వానకు పైరు నిలబడింది గానీ, బూజు డ్రమ్ములోనే చచ్చిపోయింది.”

“సస్తాదని నేను ఆ దినమే అంటిని కదా!”

“అన్నారు. మరి పోయినేడు ఎలా బతికింది? అదే బూజు. అదే బోరు. మా పెద్దవాళ్ళ అనుమానం ఏమిటంటే, పోయినేడు జయచంద్ర డ్రమ్ములో రహస్యంగా గుళికల మందు కలిపి పురుగును చంపి, బూజు చంపిందని రాసుకున్నాడని.”

“అదీ! అదే కదా నేను అర్జీలో రాపిచ్చింది. మీ పెద్దోళ్ళకు బుద్ధుండాది.”

“జయచంద్ర నెల రోజుల నుంచి సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఈ విచారణలో తేలితే ఉద్యోగమే పోతుంది. చేయలేదని ఒట్లు పెడుతున్నాడు. అందుకే మీ మాట చాలా ముఖ్యం. ఇదిగో, ఈ కాగితం. పోయినేడు డ్రమ్ములో పోసినవి ఆ బోరు నీళ్ళే అని, మీరు సంతకం పెట్టాలి.”

“పెన్నియ్యి.”

“ఒకసారి చదివి వినిపిస్తాను.”

“వద్దులే మేడం. పెన్నియ్యి. నాకు సదువు రాకపోయినా సంతకం బాగొస్తాది. బోర్డు కాడ అలవాటాయె.”

“ముందు ఒక్కటి చెప్పండి. ఆ నీళ్ళు డ్రమ్ములో ఎవరు పోశారు?”

“ఎవురో ఒగరు పోసింటారు.”

“మీరు పోశారా?”

“నేనా... ఆ దినం నేను కదిరికి పోయినా. మోటరు రిపేరికి.”

“జయచంద్ర పోశాడా?”

“ఆయప్ప యాడుండె? పొడి ఇచ్చి, బోరు నీళ్ళలో ఒక పుల్ల మాదిరిది పెట్టి సూసి, పుస్తకంలో ఏదో గీక్కోని, జీపెక్కె.”

“అంటే మీరూ లేరు, అతనూ లేడు. మరి డ్రమ్ము నిండింది ఎట్లా?”

“మేడం, బోరు పక్కన ఉండే ఇంట్లో డ్రమ్ములో బోరు నీళ్ళు కాక తిరుపతి తీర్తం ఉంటాదా? ఎండ ఎక్కుతాండాది. నీకు మళ్ళా బస్సుకు పొద్దైతాది. కదిరమ్మా! ఆడేం చేస్తాండావు? పోయి ఎనుములకు మేతెయ్యి పో.”

“ఎనుములు బయలుకు పోయినాయి కదా.”

“అయితే నువ్వూ బయలుకు పో!”

“అంట్లుండాయి.”

“కదిరమ్మ గారూ, ఒక్క నిమిషం ఇటు రండి. ఆ రోజు బూజు కలిపింది మీరేనా?”

“దానికేం తెలుసు మేడం, దానికి—”

“నేనే కలిపినా. ఏం తల్లీ?”

“బోరు నీళ్ళు పోశారా?”

“బోరు నీళ్ళా? థూ! ఆ నీళ్ళు ఎవురు పోస్తారు?”

“కదిరమ్మా, నోరు—”

“ఎర్రప్ప గారూ, ఆమెను చెప్పనివ్వండి. కదిరమ్మ గారూ, మరి ఏం నీళ్ళు పోశారు?”

“క్యాను నీళ్ళు. ఆ జయచంద్ర పిల్లోడు పొట్లం నా చేతికిచ్చి ఏం చెప్పినాడు? ‘అమ్మా, ఇది వట్టి పొడి అనుకోవాకు, దీనికి పానముండాది. రెండు దినాలు మీ ఇంట్లో ఉంటాది, బాగా సూసుకో’ అన్యాడు. పానముండేదాన్ని రెండు దినాలు ఇంట్లో పెట్టుకోని దానికి ఆ సవ్వనీళ్ళు తాపుతామా? మా ఎనుములే మూతి తిప్పుకుంటాయి. ఇంటికొచ్చినోళ్ళకు మేము ఆ నీళ్ళు ఎప్పుడన్నా ఇచ్చినామా? ఇప్పుడు నీకు చెంబులో ఇస్తినే, అవేం నీళ్ళు?”

“... క్యాను నీళ్ళే.”

“మరి!”

“ఎన్ని క్యాన్లు పోశారమ్మా?”

“పది. డ్రమ్ము నిండేకి పది పట్టె. నీళ్ళ ఆటో వాణ్ణి నిలబెట్టి, ఉండేవన్నీ దింపుకుంటి. బెల్లం గూడా, ఆ పిల్లోడు ఇచ్చింది గబ్బు బెల్లం. అది తీసి పక్కన పెట్టి ఇంట్లోది ఏసినా. ఎండ తగులుతాదని తడి గోనెసంచి కప్పినా. రెండో దినానికి పైన నురగ తేలి, కమ్మగ వాసనొచ్చె. బిడ్డకు జరం తగ్గినట్ల అనిపిచ్చె.”

“ఈ సంగతి జయచంద్రకు చెప్పలేదా?”

“ఇంటికొచ్చినోళ్ళకు మంచినీళ్ళిచ్చినామని ఎవురన్నా చెప్పుకుంటారా మేడం? ఆయప్ప అడగలే, నేను చెప్పలే.”

“కదిరమ్మ గారూ... ఆ బూజు ఉప్పుకు బతుకుతుందో లేదో చూడటానికే కదమ్మా మీ ఇంటికి తెచ్చింది!”

“అట్లయితే ఉప్పు నీళ్ళు తాపమని నోరు తెరిచి చెప్పాల! సుట్టాన్ని ఇంటికి తోలి, బాగా సూసుకోండని చెప్పి, మళ్ళా వాణ్ణి సంపి సూడలేదేమని అడిగితే ఎట్ల?”

“ఆ ఒక్క ప్రయోగాన్ని నమ్మి మేం తొమ్మిది మండలాల్లో పొట్లాలు పంచాం.”

“పంచేముందు ఆ డ్రమ్ములో ఒక వేలు ముంచి నాలిక మీద పెట్టుకోని సూడాల. ఒక్కరూ సూడలే. అందరూ బోరు కాడికే పోతిరి.”

“సూడు మేడం, ఇది ఆడోళ్ళ తెలివి. నా పెండ్లామైతే ఏమి, తప్పు తప్పే. నేను గూడా ఇప్పుడే ఇంటాండా. నాకు తెలిసింటే ఆ పొద్దే జీపుకు అడ్డం పడి చెప్పిందును.”

“ఇప్పుడే ఇంటాండావా?”

“కదిరమ్మా—”

“ఆ మాపు కదిరి నుంచి వచ్చి, తాగేకి నీళ్ళు లేవని ఇంటి మీద ఎగిరింది ఎవురు? క్యాన్లన్నీ ఏమాయె అంటివి. డ్రమ్ములో పోసినా అంటిని. ‘బూజుకు క్యాను నీళ్ళా, నాకు ముంతలో అడుగు నీళ్ళా’ అని తిట్టలే?”

“తిట్టింటా. నేను దినామూ తిడతా. యాది పెట్టుకుంటానా?”

“బోర్డు తెచ్చిన దినం యాది ఉండాదా? ఆ పిల్లోని కాడికి పోయి, సారూ, ఈ బోర్డులో ఉప్పు అని రాసినారే, నేను పోసింది మంచినీళ్ళు కదా అని చెప్పబోతి. నా కాలు తొక్కితివి. ‘నోరు మూసుకో, ఫొటో తీస్తాండారు’ అంటివి. గోరు నల్లబడి రెండు నెలలుండె. ఈ మేడానికి సూపిద్దునా?”

“అన్నా.”

“నువ్వుండప్పా తిప్పయ్యా, మొగుడూ పెండ్లాం మాట్లాడుకుంటాండాం.”

“అన్నా, నీకు తెలుసునా?”

“తెలుసంటే... నీళ్ళ సంగతి తెలుసు. నీళ్ళకు ఇంత కథ ఉంటాదని నాకేం తెలుసు? నేనేమన్నా సైంటిస్టునా?”

“చేను మార్చుకునేకి ముందే తెలుసునా?”

“తిప్పయ్యా, నువ్వు బోర్డు సూసి మార్చుకుంటివి. నేను నీ చెయ్యి పట్టి లాగలే.”

“అది సరే. విత్తనాలు పెట్టేముందర నీ ఇంటికి వస్తి కదా. ఈడే కూర్చుంటి. ఏం నీళ్ళు పోస్తివి, ఎట్ల నానబెడితివి అని అడిగితి. నువ్వేమంటివి?”

“ఏమంటి?”

“‘బోర్డు మీద రాసుండాది, పోయి సదువుకో’ అంటివి.”

“సదువొచ్చినోనివి కదా అని అంటి.”

“ఒక్క మాట చెప్పింటే పోయుండె కదన్నా. మూడెకరాలకు అరవై క్యాన్లు. అప్పో సప్పో చేసి తెచ్చుకోనా? ఆటో వాని కాళ్ళు పట్టుకోనైనా తెచ్చుకుందును. నా పంట నిలబడుండు. ఈ అర్జీ ఉండదు, ఆ పిల్లోని ఉద్యోగానికి ఏమీ అయ్యుండదు.”

“చెప్తే మళ్ళా నువ్వు ‘నా చేను నాకిచ్చేయి’ అంటావని...”

“అని?”

“ఏం లేదు.”

“అని, ఏందన్నా?”

“ఏం లేదంటి కదా! మాటలు రానోనికి ఈ దినమే రావాల్నా మాటలు?”

“ఎర్రప్ప గారూ, ఆ కాగితం ఇటివ్వండి. దాని మీద సంతకం అక్కర్లేదు. కదిరమ్మ గారు చెప్పింది రాసుకుని, ఆమె సంతకం తీసుకుంటాను. జయచంద్ర ఎవరినీ మోసం చేయలేదు. చూడాల్సింది చూడలేదు, అంతే.”

“అంతేనా? వాడు మళ్ళా జీపెక్కుతాడా?”

“ఎక్కుతాడు. ఎక్కి, ఊరూరూ తిరిగి చెప్పాలి. బోరు ఉప్పుగా ఉంటే బూజును మంచినీళ్ళలో నానబెట్టుకోండి అని.”

“చెప్పమను. ఆ మంచినీళ్ళు ఎవురు తెచ్చి పోస్తారో అది గూడా చెప్పమను. ఈ సీమలో మనిషికే లేవు, బూజుకంట!”

“ఆ మాట మాత్రం నిజమే ఎర్రప్ప గారూ. అది కూడా రాసుకుంటాను.”

“మేడం, నేనొకటి అడుగుతా.”

“అడగండి కదిరమ్మ గారూ.”

“మార్చుకున్న చేను మళ్ళా వాపసు రాసియ్యాలంటే యాడికి పోవాల? కదిరి రిజిస్ట్రాపీసుకేనా?”

“ఏం చేను? ఎవురికి రాసిస్తావే?”

“తిప్పయ్యకు. వాని చేను వానికి, మన బోరు మనకు.”

“నీకేమన్నా పిచ్చా? అది నా చేను. నేను మాట్లాడి, నేను తిరిగి, నేను మార్చుకున్నా.”

“నువ్వు తిరిగినావు, సరే. రాపిచ్చింది ఎవురి పేర? నీ పేర పెడితే బ్యాంకోళ్ళు నోటీసు అంటిస్తారని నా పేర రాపిస్తివి. ఫొటో దిగేకి కొత్త రవిక గూడా కుట్టిస్తివి.”

“అది... అది ఊరికే పేరుకు!”

“పేరుకే కదా సంతకం. పెడతా. తిప్పయ్యా, ఈ సోమవారం వస్తావా?”

“పంట చేని మీదుండాది వదినా. చేసుకున్నోళ్ళు మీరు. శెనక్కాయ పెరుక్కున్నాంక ఇద్దురులే.”

“చేని మీది కాయ మీ అన్న పెరుక్కుంటాడు. మన్ను మాత్రం నీది. రేపు నువ్వు పస్తు పండుకుంటే నా గొంతులో ఎట్ల దిగుతాది ముద్ద? నేను పది క్యాన్ల నీళ్ళు పోసింది పానం నిలబెట్టేకి. మీ ఇంటికి తాళం ఏసేకి కాదు.”

“వదినా...”

“ఏడవాకు. మొగోడు ఏడిస్తే నాకు సేత కాదు. అదిగో, మేడం సూస్తాండాది.”

“కదిరమ్మ గారూ, ఇక్కడ సంతకం పెట్టండి. చాలు. నేను బయలుదేరతాను, బస్సుకు టైమయింది.”

“పోవాకు మేడం! ఉండు. కూర్చో. ఇంకొక అర్జీ ఉండాది. రాసుకో.”

“మళ్ళీ ఎవరి మీద, ఎర్రప్ప గారూ?”

“కదిరమ్మ. మొగుని పేరు ఎర్రప్ప. వయసు నలభై ఎనిమిది.”

“నేరం ఏమని రాయాలి?”

“ఇంటికొచ్చిన బూజుకు మంచినీళ్ళు తాపె.”

“నష్టం?”

“రోడ్డు కాడి ఎర్ర నేల. ఎకరా తొంబై రెండు సెంట్లు.”